జున్ను లేని జున్ను ఐస్

ముందే చెప్పేస్తున్నాను, దీన్ని ఎక్కడా పోస్టు చెయ్యను. మా పిల్ల స్కూలు నోట్‌బుక్కులో మిగిలిపోయిన కాగితాల మీద పెన్నుతో రాస్తున్నాను. రాయడం అయ్యాక సూట్‌కేసు అడుగున పెట్టేస్తాను. నేను కాగితాలు ముందేసుకుని కూచోవడం చూసి మా ఆయన, ఏంటి, మళ్ళీ మొదలెట్టావా అన్నాడు. అతను మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం ఆ 'మళ్ళీ' అన్నమాట పొద్దుటి నుంచీ గుచ్చుకుంటూనే ఉంది. రాజమండ్రిలో రత్నా పార్లర్ ఈ వేసవితో మూతపడింది. మూయించింది నేనే.

ఐర్లండ్‌లో గాల్వే అనే ఊళ్ళో నర్సుగా చేస్తున్నాను. వచ్చి పదకొండేళ్ళయింది. ఇక్కడ వాన ఆగి కాస్త ఎండ పొడిస్తే చాలు, జనం సముద్రం ఒడ్డుకి చేరి ఐస్ క్రీమ్ బండి ముందు వరస కడతారు. మన ఊళ్ళో అయితే ఆ చలికి స్వెటరు మీద శాలువా కూడా కప్పుకుంటాం. మార్చి నెలాఖర్లో ఒక సెలవు రోజున నేనూ వాళ్ళతో పాటు నిలబడి ఒక కోను కొనుక్కున్నాను. తెల్లగా ఉంది, చల్లగా ఉంది, తియ్యగా ఉంది. అంతకు మించి దాని గురించి చెప్పడానికేమీ లేదు. తింటూ ఉండగా రత్నా పార్లర్ గుర్తొచ్చింది. అక్కడే బెంచీ మీద కూచుని ఫోన్ తీశాను. రాజమండ్రి వాళ్ళందరం చేరి పాత కబుర్లు చెప్పుకునే ఫేస్‌బుక్ గ్రూపు ఒకటుంది, అందులో రాయడం మొదలుపెట్టాను. మొదటి వాక్యం దానంతటదే వచ్చింది: 'రత్నా పార్లర్ జున్ను ఐస్‌లో జున్ను ఉండదు.'

ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందంటే, కోను కరిగి వేళ్ళ మీదకి కారుతున్నా చూసుకోలేదు.

దానవాయిపేటలో మా ఇంటికి ముందు వీధిలో ఉండేది ఆ పార్లర్. త్రిమూర్తులు మావయ్య, ఆయన భార్య రత్నమాణిక్యం అత్తయ్య నడిపేవారు. మాకు చుట్టరికం ఏమీ లేదు, వాళ్ళ గుడి వాళ్ళది, మా చర్చి మాది; పిలుపు మాత్రం చిన్నప్పటి నుంచీ అదే. ఆరు పాలరాతి బల్లలు, పిస్తా రంగు గోడలు, తిరిగినంతసేపూ తల ఊపే ఒక ఫ్యాను. వేసవి వచ్చిందంటే సాయంత్రం అయిదు నుంచీ అక్కడ కుర్చీ దొరికేది కాదు. స్టీలు కప్పులో లేత పసుపు రంగు జున్ను ఐస్. నాలిక మీద పెట్టుకుంటే ముందు యాలకులు, తర్వాత మీగడ, చివర్లో ఎక్కడో సన్నగా మిరియం ఘాటు. కొత్త దంపతులు వచ్చేవాళ్ళు, గుడి నుంచి నేరుగా ప్రసాదం పొట్లంతో వచ్చేవాళ్ళు. శుక్రవారం ఒంటిపూట ఉండే ఆడవాళ్ళయితే, పాలతో చేసిందే కదా అని ఫలహారం కింద అదే తినేవాళ్ళు. రోజూ అంత జున్ను కావాలంటే కోనసీమలో గేదెలన్నీ వంతులు వేసుకుని ఈనాలని ఒక్కళ్ళకీ తోచలేదు.

ఆ రుచి కోడిగుడ్డుది. పచ్చసొన గిలక్కొట్టి, అందులో వేడి పాలు సన్నటి ధారగా పోస్తూ చిక్కబరచాలి. ఒకప్పుడు దొరల బంగళాలో వంట చేసిన ముసలయ్య తాత దగ్గర త్రిమూర్తులు మావయ్య కుర్రతనంలో నేర్చుకున్న పని అది. ఆ గుడ్లు మావి. మా అమ్మ దీనమ్మ వెనక సందులో నాటుకోళ్ళు పెంచేది. పొద్దున్నే మూడు గిన్నెల టిఫిన్ క్యారియర్‌లో ఊక పోసి, ఊకలో గుడ్లు సర్ది, నన్ను వెంటేసుకుని వెళ్ళేది. కాస్త పెద్దయ్యాక నన్నే పంపేది. పెరటి గుమ్మంలోంచి వెళ్ళి, అరగంట వంటింట్లో పీట మీద కూచుని, మావయ్య గరిటె నాకమని ఇస్తే నాకి, అదే క్యారియర్ తిరిగి తెచ్చేదాన్ని. వెళ్ళేటప్పుడు గుడ్లు, వచ్చేటప్పుడు ఒక గిన్నెలో పెంకులు, ఒక గిన్నెలో తెల్లసొన. పెంకు ముక్క ఒక్కటి కూడా ఆ ఇంటి చెత్తలో కనిపించకూడదని కట్టడి. పెంకులు మా గులాబీ మొక్కలకి, తెల్లసొన మాకు. ఆమ్లెట్టు పచ్చగా కూడా ఉంటుందని నాకు హాస్టల్లో చేరాకే తెలిసింది.

ఇదంతా రాశాను. క్యారియర్ గురించీ, ఊక గురించీ, తెల్ల ఆమ్లెట్టు గురించీ. మూడేళ్ళ కిందట వెళ్ళినప్పుడు కూడా తిన్నాను, అదే రుచి, వెంట్రుకవాసి మారలేదు అని రాశాను. అక్కడితో ఆగినా బావుండేది. కాస్త ఉప్పూ కారం తగలాలని, ఉల్లిపాయ కూడా ముట్టని మా లెక్కల టీచర్ గారు ప్రతి శుక్రవారం వచ్చి మూల బల్ల దగ్గర ఒక కప్పు తినేవారని కూడా చేర్చాను. పేరు రాయలేదు. పేరు రాయలేదు కనుక తప్పు లేదనుకున్నాను.

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చి చూసేసరికి నాలుగు వేల మంది మెచ్చుకున్నారు. కళ్ళకి కట్టినట్టు రాశావమ్మా అన్నారు. నువ్వు కథలు రాయాలి అన్నారు. రెండు రోజులు నేను నేల మీద నడవలేదు. మూడో రోజు రంగు మారింది. మా నాన్నమ్మ వ్రతం చేసుకుని వచ్చి తినేది, ఆవిడ చేత గుడ్డు తినిపించారా అని ఒకాయన అడిగాడు. ఇన్నేళ్ళూ ఊరందరినీ మోసం చేశారని ఇంకొకాయన. ఎవరో దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో వదిలారు. ఒక యూట్యూబ్ చానల్ వాళ్ళు మైకు పట్టుకుని షాపు ముందు నిలబడి, అత్తయ్య మొహం మీదకి కెమెరా పెట్టారు. ఆవిడ చేత్తో అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోవడం నేను గాల్వేలో బస్సులో కూచుని చూశాను.

భయపడి పోస్టు తీసేశాను. తీసేసిందంటే నిజమే అన్నమాట అన్నారు. సరదాకి కల్పించి రాశానని ఇంకో నాలుగు ముక్కలు రాశాను. షాపు వాళ్ళు బెదిరించి రాయించారన్నారు. నేను ఏం చేసినా ఆ షాపు మెడకే చుట్టుకుంటోందని తెలిశాక, ఇంక ఏమీ చెయ్యడం మానేశాను.

మా అమ్మకి ఫేస్‌బుక్ తెలీదు. చర్చిలో ఎవరో చదివి వినిపించారు. ఫోన్ మోగితే తిట్లు తినడానికి సిద్ధపడే ఎత్తాను. తిట్టలేదు.

"పాతికేళ్ళు ఆ ఇంటికి పెరటి గుమ్మంలోంచే వెళ్ళానే," అంది. "పాస్టరమ్మగారు అడిగినా చెప్పలేదు. నువ్వు నా కొంగు పట్టుకుని తిరిగినదానివి కదా, నీకు వేరే చెప్పాలనుకోలేదు."

తర్వాత ఎండల గురించి రెండు మాటలు మాట్లాడి పెట్టేసింది. తిట్టి ఉంటే నాకు నిద్ర పట్టేది.

మే రెండో వారంలో ఇండియా వెళ్ళాను. తమ్ముడు ఐజాక్ కడియంలో ఒక నర్సరీలో సూపర్‌వైజరు. అక్కడే కొత్త ఇల్లు కట్టుకుని అమ్మని తన దగ్గరే ఉంచుకున్నాడు. ఆ ఇంటి ప్రార్థనకి వెళ్ళాలని టిక్కెట్లు జనవరిలోనే కొన్నాం. అప్పుడైతే, దిగిన రోజే రత్నా పార్లర్‌కి వెళ్ళి తలా మూడు కప్పులు తినాలని మా పిల్లని ఊరించాను. తీరా వెళ్ళాక మూడు రోజులు ఎండ అన్నాను. నాలుగో రోజు జలుబు అన్నాను. అయిదో రోజు మధ్యాహ్నం మా అమ్మ నా చెప్పులు తెచ్చి నా కాళ్ళ ముందు పెట్టింది. అప్పటికే ఆటో పిలిచేసింది కూడా. పిల్లని తీసుకెళ్ళనా అంటే, అక్కర్లేదు, నువ్వొక్కదానివే వెళ్ళు అంది.

సాయంత్రం అయిదున్నర. ఒకప్పుడు కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని జనం గోడవారన నిలబడే వేళ. ఆరు బల్లలూ ఖాళీగా ఉన్నాయి. ఖాళీగా ఉన్నా తళతళా తుడిచి ఉన్నాయి. గోడ మీద త్రిమూర్తులు మావయ్య ఫోటో, దానికి ఆ పొద్దుటి మల్లెదండ. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఫోటో కింద అత్తయ్య ఒక్కతే కూచుని పళ్ళెంలో యాలకులు వొలుస్తోంది. నన్ను చూసి పళ్ళెం పక్కన పెట్టి, ఎప్పుడొచ్చావే, అలా చిక్కిపోయావేంటి అంది. నేను చిక్కలేదు, ఆరు కిలోలు పెరిగాను.

"తెలియక రాశానండి అత్తయ్యా," అన్నాను.

ఇక్కడొకటి ఒప్పుకోవాలి. తెలియక రాయలేదు. ఆ బెంచీ మీద 'గుడ్డు' అన్నమాట రాశాక నా వేలు ఆగింది. ఒకసారి చెరిపేశాను. చెరిపేసి చదువుకుంటే పోస్టు చప్పగా ఉంది. మళ్ళీ రాశాను. అంతా కలిపి అర నిమిషం పట్టి ఉంటుంది. ఆ అర నిమిషం గురించి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా.

అత్తయ్య నన్ను ఒక్క మాట అనలేదు. మంచినీళ్ళు ఇచ్చింది, ఫ్యాను నా వైపు తిప్పింది. మళ్ళీ యాలకులు వొలుస్తూ తనే చెప్పుకొచ్చింది. మావయ్య ఉన్నన్నాళ్ళూ వంటింటి పని ఆయనది, బల్లల పని తనది. మా లెక్కల టీచర్ సోమిదేవమ్మ గారి ముందు కప్పు పెట్టాలంటే తనకి మనసు ఒప్పేది కాదట. అంత నిష్ఠగా ఉండే మనిషి చేత ఇది తినిపిస్తున్నామేంటండీ, పాపం కాదా అని మావయ్యతో ఎన్నోసార్లు పోట్లాడింది. పాలలో కలిశాక అది పాలేనే అని ఆయన నవ్వేసేవాడు. ఆయన పోయి, కర్మలన్నీ అయ్యి, షాపు మళ్ళీ తెరిచిన మొదటి శుక్రవారం నుంచీ గుడ్లు మానేసింది. కార్న్ ఫ్లోరు, కాస్త పాలపొడి, రంగుకి చిటికెడు కుంకుమపువ్వు. గుడ్లు ఇంక వద్దని తనే మా ఇంటికి వచ్చి మా అమ్మతో చెప్పింది. మా అమ్మ ఆ సంగతి కూడా నాకు చెప్పలేదు. మా అమ్మ చెప్పే రకం కాదని నాకు ఇప్పటికైనా తెలియాలి.

"మరి మూడేళ్ళ కిందట నేను వచ్చినప్పుడు?" అన్నాను.

"అప్పటికి మానేసి మూడేళ్ళు. రెండు కప్పులు తిన్నావు. అదే రుచి అత్తయ్యా అన్నావు."

ఎగతాళిగా అనలేదు. అడిగాను కనుక చెప్పింది. నాకే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎవరూ పిలవకుండా సాక్షిగా వెళ్ళి నిలబడి, లేనిదాన్ని ఉందని సాక్ష్యం చెప్పి వచ్చాను నేను. కోడిగుడ్డు రుచి గురించి నాలుగు వేల మంది మెచ్చుకునేలా రాసిన నాకు, ఆ గుడ్డు ఉందో లేదో నాలిక చెప్పలేకపోయింది.

అయితే ఆ మాటే అందరికీ చెబుదాం అన్నాను. ఆరేళ్ళుగా గుడ్డు వెయ్యట్లేదని గుమ్మం ముందు బోర్డు పెడదాం, నేను కూడా రాస్తాను, కావాలంటే ఎవరైనా వచ్చి వంటిల్లు చూసుకోమందాం అన్నాను.

"ఇప్పుడు లేదని బోర్డు పెడితే, అప్పుడు ఉందని పెట్టినట్టే కదే," అంది అత్తయ్య. ఫోటో వైపు చూసింది. "ఆయన్ని ఎక్కణ్ణుంచి పిలిచి సమాధానం చెప్పిస్తాను? ఉన్నవాళ్ళం కదా, పడితే మనమే పడదాం."

నెలాఖరుకి మూసేస్తానంది. వేసవి మూడు నెలలూ ఆడితేనే ఏడాదంతా ఆ షాపు నిలబడేది, ఈ వేసవి ఆడలేదు. పిఠాపురం వాళ్ళెవరో వచ్చి ఫ్రీజర్లు చూసుకుని వెళ్ళారు. కూతురు దుర్గాశ్రీ మండపేటలో ఉంది, వచ్చెయ్యమంటోంది. ఇవన్నీ పక్కింటి వాళ్ళ సంగతి చెప్పినట్టు చెప్పింది. ఒక్కచోటే గొంతు తడబడింది.

"షాపు పోతే పోనీ. టీచర్ గారు రావడం మానేశారు. ఏడు శుక్రవారాలయింది. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారీ తప్పలేదు, జ్వరం వచ్చినా రిక్షా ఎక్కి వచ్చేవారు." పళ్ళెంలో యాలకులు కుప్పగా తోసి, మళ్ళీ విడదీసింది. "నువ్వు ఆవిడ శిష్యురాలివి కదా. ఒక్కసారి వెళ్ళి నా మీద ఏమనుకుంటున్నారో కనుక్కుని రా. తిట్టినా పర్లేదు. ఉన్నదున్నట్టు వచ్చి చెప్పు."

ఉన్నదున్నట్టు చెప్పడం నీకు బాగా వచ్చు కదా అని ఆవిడ అనలేదు. నేనే అనుకున్నాను.

సోమిదేవమ్మ టీచర్ గారు నాకు ఎనిమిది నుంచి పది దాకా లెక్కలు చెప్పారు. ఇప్పుడు ఎనభై దగ్గర పడ్డాయి. కొడుకు పౌరోహిత్యం చేస్తారు. పెళ్ళిళ్ళ రోజులు కనుక ఆయన ఇంట్లో లేరు. మర్నాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి టీచర్ గారు వరండాలో కూచుని దూదితో వత్తులు చేస్తున్నారు. గుమ్మం బయటే నిలబడ్డాను. కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు.

"తబితవా? లోపలికొచ్చి కూచో. ఎండలో నిలబడితే చేసింది పోతుందా?"

కోడలు గుమ్మంలోకి వచ్చి నన్ను ఎగాదిగా చూసింది. నేనెవరో ఆమెకి తెలిసినట్టే ఉంది. టీచర్ గారు కాఫీ కలుపుకు రమ్మన్నారు. ఆమె వంటింట్లోకి వెళ్ళేదాకా వత్తి నలుపుతూ ఊరుకున్నారు. నేను కడియం నుంచి దారంతా కూడబలుక్కున్నది మొదలుపెట్టాను. మీకు తెలియని పాపాన్ని నలుగురిలోకి లాగాను, మీ నియమం మంటగలిపాను, నన్ను క్షమించండి అని ఇంకా ఏమేమో. ఆవిడ చెయ్యెత్తి ఆపారు.

"తెలియని పాపం ఏంటే. మొదటి చెంచాకే తెలిసింది నాకు."

ఇంకో దూది పింజ తీసుకున్నారు.

"ముప్ఫై నాలుగేళ్ళు క్లాసురూముల్లో మీ అందరి క్యారియర్ల మధ్య బతికినదాన్ని. గుడ్డు వాసన తెలియదా నాకు? రెండో చెంచా ఎందుకు తిన్నానో అడుగు."

"ఎందుకు తిన్నారండి?"

"బావుంది కనుక."

వత్తులు పళ్ళెంలో వరసగా పేర్చుకుంటూ చెప్పారు. వాళ్ళాయన పోయిన ఏడాది అది. నోటికి ఏదీ సహించేది కాదట. ఒక శుక్రవారం స్కూలు నుంచి నడిచి వస్తుంటే త్రిమూర్తులు మావయ్య చూసి, టీచర్ గారూ, ఒక్క నిమిషం కూచుని వెళ్ళండి అని పిలిచాడు. మూల బల్ల దగ్గర కుర్చీని గోడ వైపు తిప్పి వేశాడు, తింటుంటే ఎవరూ చూడకుండా. కప్పు పెట్టి, ఆవిడ మొహం వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు. ఆ ఏడాది ఆవిడ ఆకలేసి తిన్నది అదొక్కటేనట. ఆ తర్వాత ప్రతి శుక్రవారం వెళ్ళారు. తెలియనట్టు ఉండడం వాళ్ళకీ మర్యాద, తనకీ మర్యాద.

"అతను పోయాక మాణిక్యం మానేసింది," అన్నారు. "మొదటి శుక్రవారమే తెలిసింది, రుచి పోయింది. నా కోసమే మానేసిందని కూడా తెలుసు. ఆరేళ్ళు తిన్నానే ఆ గంజి. తిన్నప్పుడల్లా, బావుంది మాణిక్యం అనేదాన్ని. దాని మొహం చేటంత అయ్యేది."

లోపల గ్లాసులు చప్పుడైతే గొంతు తగ్గించారు. నా పోస్టు కొడుకే చదివి వినిపించాడట. విని అయ్యో అన్నారట. అనకపోతే ఎలా కుదురుతుంది అన్నారు. ప్రాయశ్చిత్తం అని పంచగవ్యం పుచ్చుకోమంటే పుచ్చుకున్నారు. నేను పేరు పెట్టకపోయినా ఊళ్ళో ప్రతివాళ్ళూ ఆవిడేనని పోల్చుకున్నారు. ఇంక ఆ గుమ్మం ఎక్కితే కొడుకుని శుభకార్యాలకి ఎవరూ పిలవరు.

"తెలియనన్నాళ్ళూ వెళ్ళాను. నువ్వు తెలియజేశావు కదమ్మా, ఇంక ఎలా వెళ్ళను?"

కోపంగా అనలేదు. చిన్నప్పుడు లెక్క ఎక్కడ తప్పిందో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి చూపించేవారు, అలాగే చెప్పారు. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ఒక పక్క ప్రాణం లేచొచ్చింది. ఈ మాట తీసుకెళ్ళి చెబితే చాలు, అత్తయ్య గుండెల మీద బరువు దిగిపోతుంది. షాపు పోయినా ఆవిడ మనిషిగా మిగులుతుంది. ఇదంతా ఇప్పుడే వెళ్ళి అత్తయ్యకి చెప్తానండి, ఆవిడ మీ గురించే బెంగ పెట్టుకుని ఉంది అన్నాను.

"చెప్పకు."

ఎందుకని అడిగాను.

"పాతికేళ్ళు నాకు తెలిసే తిన్నానంటే, అది నా కోసం మానేసిందంతా ఏమైపోతుంది? ఆరేళ్ళూ నా చేత బలవంతాన గంజి తాగించానని కుమిలిపోతుంది. అది ఒకటి. రెండోది, నీ నోట్లో పడ్డ మాట ఎంత దూరం వెళ్తుందో చూశాను. మావాడికి ఇద్దరు ఆడపిల్లలు." దూది అంటుకున్న చెయ్యి నా ముందుకి చాపారు. "చేతిలో చెయ్యి వేసి చెప్పు."

ఆవిడ నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి. స్కూల్లో బెత్తంతో కొట్టారు కానీ చెయ్యి తగలలేదు. చెయ్యి వేశాను.

"మరి ఏమన్నారని అడిగితే ఏం చెప్పమంటారండి?"

"ఏమీ అనలేదని చెప్పు."

కోడలు కాఫీ తెచ్చింది. ఆమె ఎదురుగా మా పిల్ల ఏం చదువుతోందని టీచర్ గారు అడిగారు. లెక్కలు ఎలా చేస్తుందని అడిగారు. బాగానే చేస్తుందండి అన్నాను. కాఫీ వేడిగా ఉంది, గటగటా తాగేసి లేచాను.

అట్నుంచి అటే పార్లర్‌కి వెళ్ళాను. అత్తయ్య గుమ్మంలోనే నిలబడి ఉంది. నన్ను ఏమీ అడక్కుండా లోపలికి తీసుకెళ్ళి మూల బల్ల దగ్గర కూచోబెట్టింది. ఆ కుర్చీ గోడ వైపే తిరిగి ఉంది. స్టీలు కప్పులో జున్ను ఐస్ పెట్టి, ఎదురుగా కూచుంది. ఆవిడ చేతిలో బల్ల తుడిచే గుడ్డ ఉంది. దాన్ని మడతపెడుతూ అడిగింది.

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదండి."

"తిట్టలేదా?"

"లేదండి. ఎండలో నిలబడకు అన్నారు. మా పిల్ల గురించి అడిగారు. కాఫీ ఇచ్చారు."

"కాఫీ ఇచ్చారా," అంది అత్తయ్య. గుడ్డ మడత విప్పి మళ్ళీ పెట్టింది. "నీకు కాఫీ ఇచ్చారంటే నీ మీద లేదన్నమాట. పోన్లే. కోపం నా మీదేనన్నమాట."

మాట నా నాలిక చివర ఉంది. పెద్ద మాట కూడా కాదు. మొదటి చెంచాకే తెలుసట అత్తయ్యా, అంతే. సముద్రాల అవతల నుంచి ఊరందరికీ వినిపించినదాన్ని, బల్లకి అవతల ఉన్న ఒక్క మనిషికి వినిపించలేకపోయాను. టీచర్ గారి చేతి దూది ఇంకా నా వేళ్ళకి అంటుకునే ఉంది. నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం ఎలాగో నాకు అప్పుడు తెలిసింది, అదీ తెలియాల్సిన వేళ కాదు.

"తిను, కరిగిపోతోంది," అంది అత్తయ్య.

తిన్నాను. ఈసారి నాలిక సరిగ్గానే చెప్పింది. ముందు యాలకులు ఉన్నాయి, చివర్లో మిరియం ఉంది. మధ్యలో మీగడ ఉండాల్సిన చోట చప్పటి పిండి జిగురు ఉంది. ఆరేళ్ళు, శుక్రవారం తప్పకుండా, టీచర్ గారు తిన్నది ఇదే.

"ఎలా ఉందే?"

"బావుందండి అత్తయ్యా," అన్నాను. "అదే రుచి."

అత్తయ్య లేచి, నా కప్పులో ఇంకో గరిటె వేసింది.